"పిల్లలందరికీ అందలేదు" అంటే ఎందరికి అందనట్లు?

కయత్తారు అనగానే మనవారికి 1799 అక్టోబరు 16 గుర్తుకు వస్తుంది. కట్టబొమ్మను ఉరితీసిన చోటు అది. ఆ పేరు తలచుకొని మీసం మెలివేసే మనం, అదే ఊరిలో మన పిల్లలు ఏ వాక్యానికి ఏ అర్థం చెప్పుకొంటున్నారో ఏనాడైనా చెవియొగ్గి విన్నామా?

నేను విన్నాను. అక్కడ ఒక బంధువు ఇంట కూర్చుని దరఖాస్తు రాస్తున్నాను. "మా పిల్లలందరికీ తెలుగు వాచకాలు అందలేదు" అని పైకి చదివాను. గడప దగ్గరున్న ఆరేళ్ల పిల్ల "నాకు వచ్చింది కదా తాతా!" అన్నది. పెద్దలు నవ్వారు. "కొందరికి రాలేదని దాని భావమమ్మా" అన్నాడు తాత. పిల్ల ఒప్పుకోలేదు. అందరికీ అందలేదంటే ఒక్కరికీ అందలేదనే ఆమె లెక్క.

నవ్వవలసిన విషయం కాదది. 2000లో ముసొలీనో, క్రెయిన్, థార్న్‌టన్ అనే పరిశోధకులు నాలుగు నుంచి ఏడేళ్ల ఇంగ్లీషు పిల్లలను ఇటువంటి వాక్యంతోనే పరీక్షించారు. మూడు గుర్రాలలో రెండు కంచె దూకాయి, ఒకటి దూకలేదు. "ప్రతి గుర్రమూ కంచె దూకలేదు" అంటే పెద్దలు నిజమన్నారు; పిల్లలలో ఎక్కువమంది తప్పన్నారు, రెండు దూకాయి కదా అని. 2002లో లిడ్జ్, ముసొలీనో మన పొరుగు కన్నడ పిల్లలతోనూ, నాలుగేళ్లవారితో, ఈ కోవకే చెందిన పరిశీలన చేశారు. అక్కడా పిల్లలు ఒక అర్థానికే అంటిపెట్టుకున్నారు. అయితే 2006లో వెలువడిన మరో పరిశీలన అసలు గుట్టు విప్పింది. "ప్రతి గుర్రమూ దుంగను దూకింది, కాని ప్రతి గుర్రమూ కంచె దూకలేదు" అని ముందొక మాట చేర్చితే పిల్లలు రెండో అర్థాన్నీ మునుపటికంటె బాగా అందుకున్నారు. అంటే కొరత తెలివిలో లేదు, ఆసరాలో ఉన్నది.

ఆ ఆసరా ఇవ్వగలవాడు ఇంట తాత. బడిలో? "ఎల్లారుం వరవిల్లై" అనే తమిళ వాక్యానికీ ఇదే ముడి. తమిళం ఇంటిమాటగా గల పిల్లకే కష్టమైన ఈ ముడిని, మన పిల్ల రెండో నుడిలో, అచ్చులో, గొంతు సాయమైనా లేకుండా విప్పాలి. విప్పలేకపోతే సున్న.

"కి. రాజనారాయణన్ ఇంట తెలుగువాడే, తమిళంలో 1991 సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకోలేదా?" అని అడిగేవారున్నారు. ఇడైసెవల్ కయత్తారు పక్క ఊరే. నిజమే. కాని హైస్కూలు చదువు పూర్తిచేయని ఆయనను చూపి బడిని సమర్థించడం వింత వాదన!

చట్టానికి వద్దాం. 1956లో చేర్చిన రాజ్యాంగ అధికరణం 350ఎ, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు "తగినన్ని" సౌకర్యాలు కల్పించేందుకు రాష్ట్రాలు "ప్రయత్నించవలె" నన్నది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని మొదటి భాగంగా తప్పనిసరి చేసి, తమిళం గాని ఇంగ్లీషు గాని మాతృభాష కానివారు తమ భాషను ఐచ్ఛికంగా "చదువుకోవచ్చు" నన్నది. తల్లి దీన్ని "నా బిడ్డ తెలుగు చదువుకోవచ్చు" అని చదువుకొంటుంది. అధికారి "చదువుకోకపోనూవచ్చు, ఉపాధ్యాయుణ్ణి వేయకపోనూవచ్చు" అని చదువుకొంటాడు. సంక్షేమ చట్టంలో మాట రెండర్థాలకు తావిస్తే లబ్ధి పొందవలసినవారి పక్షాన చదవాలన్నది మా న్యాయవాదులకు తెలిసిన సూత్రమే. ఆ సూత్రం కార్యాలయాల గడప దాటడం లేదు.

మా దరఖాస్తుకు వచ్చిన జవాబే చూడండి: "కొందరికి వాచకాలు అందినందున ఆరోపణ నిరాధారం." ఆరేళ్ల పిల్ల చెప్పుకొన్న అర్థమే! పిల్ల తెలియక పట్టుకున్నది; ఆ అధికారి అన్నీ తెలిసి, ఆ అర్థం తనకు లాభించింది గనుక పట్టుకున్నాడు.

దరఖాస్తు తిరిగి రాశాను. "అందరికీ" కొట్టివేశాను. అందిన పిల్లల పేర్లు ఒక వరుస, అందనివారి పేర్లు మరొక వరుస, తరగతి, తేదీ. మీ ఊళ్లలోనూ అట్లే రాయండి. నాలుగో భాగం తెలుగుకు ఉపాధ్యాయుణ్ణి ఏ తేదీలోగా వేస్తారో రాతపూర్వకంగా అడగండి. "తగినన్ని" అని జవాబు వస్తే, ఎన్ని అని మరొక ఉత్తరం వేయండి.