ఎండపై ఛలోక్తులు, బొగ్గుకే పట్టాలు

మే నెల వచ్చిందంటే బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో పలకరింపు మారిపోతుంది. భోజనం అయిందా అని కాక, ఈరోజు ఎన్ని డిగ్రీలు అని అడుగుతారు. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఉత్తరాంధ్రలోని బంధువులతో జరిగే సంభాషణలోనూ మొదటి మాట అదే. రెంటచింతల గొప్పా, రామగుండం గొప్పా, బిలాస్‌పూర్ గొప్పా అనే ఈ వాదంలో 2017 మే నెలలో నమోదయిన 49.3 డిగ్రీలు బిలాస్‌పూర్ పక్షానికి బలం చేకూర్చాయి. తెలుగువారు రోళ్లు పగిలే రోహిణి కార్తె అంటారు. ఛత్తీస్‌గఢ్ ప్రజలు నౌతపా అంటారు. రెండూ మే 25 ప్రాంతంలో, సూర్యుడు రోహిణిలో ప్రవేశించడంతోనే ఆరంభమవుతాయి. కనుక పరిహాసానికి భాష అడ్డుకాదు.

సినిమా తోడైతే ఈ వేడుక మరింత రక్తి కడుతుంది. 1901 తర్వాత దేశంలో అత్యంత వేడి మార్చిగా వాతావరణ శాఖ లెక్కల కెక్కిన 2022 మార్చిలోనే, 25వ తేదీన 'ఆర్ఆర్ఆర్' విడుదలయింది. ఇద్దరు కథానాయకుల్లో ఒకరు నిప్పుకు, మరొకరు నీటికి ప్రతీకలు. ఆ వేసవిలో నిప్పు నాయకుడిదే పైచేయి అయిందని ఎవరైనా అంటే తప్పుపట్టనక్కరలేదు. 2024లో రాజస్థాన్ సరిహద్దు ఇసుకలో అప్పడం కాల్చిన భద్రతాదళ జవాను దృశ్యాన్ని కూడా దేశమంతా వినోదంగానే చూసింది. ఆయన ఆ ఎండలో ఉన్నది విధి నిర్వహణకన్న సంగతి నవ్వులో కలిసిపోయింది.

ఈ పోటీల్లో వినిపించే అంకె నీడలోనిది. వాతావరణ కేంద్రంలో ఉష్ణమాపకాన్ని గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున ఉంచి తీసే కొలత అది. ఎండకు కాగే ఉక్కు పట్టా వేడి దానికంటే ఎంతో అధికం. పట్టా వ్యాకోచించి వంకర తిరిగితే ప్రమాదం కాబట్టి వేసవి మధ్యాహ్నాల్లో ట్రాక్ సిబ్బంది కాలినడకన గస్తీ తిరగవలసి ఉంటుంది. ఊరంతా తలుపులు మూసుకునే వేళకే వారి పని మొదలవుతుంది. వడగాడ్పు ఎవరిని బలిగొంటుందో తెలుగు రాష్ట్రాలకు కొత్తగా చెప్పనవసరం లేదు. 2015లో దేశంలో రెండు వేలమందికి పైగా మరణించగా వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే. ఉపాధి కోసం ఎండలో తిరగక తప్పని కూలీలు, వృద్ధులు ఎక్కువగా బలయ్యారు.

ఇక బిలాస్‌పూర్‌కు ఎండతో ఉన్న సంబంధం చెమటతో తీరేది కాదు. ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం ఇక్కడే. కోర్బా ప్రాంతపు గనులను నడిపే సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయమూ ఇక్కడే. సమీపంలోని సీపత్‌లో ఎన్టీపీసీ నిర్మించిన కేంద్రం సామర్థ్యం 2,980 మెగావాట్లు. ఎక్కడో నగరాల్లో ఎయిర్ కండిషనర్లు ఒక్కసారిగా తిరగడం మొదలైతే ఆ ఒత్తిడి గనుల మీదుగా ఈ పట్టాలపైకి వచ్చి పడుతుంది. 2022 ఏప్రిల్ 29న దేశంలో విద్యుత్ గరిష్ఠ డిమాండ్ 2,07,111 మెగావాట్లకు చేరి, అప్పటికి రికార్డు సృష్టించింది. విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు నిల్వలు అడుగంటాయి. బొగ్గు రేకులకు దారి ఇచ్చేందుకు రైల్వేలు పాసింజరు రైళ్లను రద్దు చేశాయి. ఆ జాబితాలో సింహభాగం ఆగ్నేయ మధ్య రైల్వేదే. అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ దీనికి అభ్యంతరం తెలిపారు.

రైల్వేల వాదనను తోసిపుచ్చలేము. ఆసుపత్రులకు, మంచినీటి పంపులకు కరెంటు ఆగితే కలిగే నష్టం రైలు రద్దు నష్టంకంటే ఎక్కువ. అయితే త్యాగం చేసిందెవరు? రద్దయిన వాటిలో చిన్న స్టేషన్ల మధ్య తక్కువ చార్జీతో నడిచే బండ్లు ఉన్నాయి. వాటిలో ప్రయాణించేవారిలో అధికులు ఇంట్లో ఏసీ ఉన్నవారు కారు. చల్లదనం ఒకరికి, బస్సు చార్జీ మరొకరికి దక్కాయన్నమాట. ఎండ గురించిన ఛలోక్తుల్లో ఈ ముక్క ఎన్నడూ వినిపించదు.

2024 మే 30న గరిష్ఠ డిమాండ్ రెండున్నర లక్షల మెగావాట్లను తాకింది. బొగ్గు రవాణాకు, ప్రయాణికుల బండ్లకు చోటు కల్పించేందుకు బిలాస్‌పూర్ నుంచి ఝార్సుగూడ వైపు నాలుగో లైను నిర్మాణాన్ని రైల్వేలు చేపట్టాయి. ఆ లైనును పాతవాటితో కలిపే పనులకోసం కూడా పలు విడతలుగా ప్రయాణికుల రైళ్లనే రద్దు చేశారు.