వశీకరణమనే సాకు

తాను చేసిన పనికి తాను కర్త కాడని చెప్పుకొనడానికి మానవుడు ప్రతి యుగంలోనూ ఒక సాధనాన్ని వెదుకుకొంటూనే ఉన్నాడు. ఒకనాడు అది గ్రహబలం. మరొకనాడు చేతబడి, బాణామతి, మందు పెట్టడం. ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఆ స్థానాన్ని ఒక గాజు పెట్టె ఆక్రమించినది. టెలివిజన్ నుండి కంటికి కానరాని తరంగమేదో వెలువడి, చూచేవారి మనస్సును హరించి, వారిని కీలుబొమ్మలను చేస్తుందని చెప్పే వైజ్ఞానిక భయానక చిత్రాలు అమెరికాలోనూ కెనడాలోనూ ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. వాటిలో పెక్కు స్వల్పవ్యయంతో తీసినవి. విద్యావంతులు వాటిని చౌకబారు వినోదమని త్రోసిపుచ్చారు. విచిత్రమేమంటే, చిత్రాన్ని త్రోసిపుచ్చినవారే దాని సిద్ధాంతాన్ని మాత్రం తలదాల్చారు. జనం ఎందుకు ఇట్లా ప్రవర్తిస్తున్నారని ప్రశ్న వచ్చినప్పుడెల్లా, జనాన్ని తెర మాయచేసినదని చెప్పడం పండితలోకంలో పరిపాటి అయినది. ఈ మాట అబద్ధం మాత్రమే కాదు, హానికరం కూడా.

ముందు ఆ చిత్రాలు చెప్పినదేమిటో చూడవలసి ఉన్నది. 1953లో ఆర్చ్ ఓబోలర్ తీసిన 'ది ట్వాంకీ'లో ఒక తత్త్వశాస్త్ర ఆచార్యుని ఇంట టెలివిజన్ పెట్టె ఒకటి చేరుతుంది. అది భావికాలపు నియంతృత్వ రాజ్యం నుండి వచ్చిన యంత్రం. యజమానికి సేవచేస్తూనే అతడు ఏమి చదవాలో, ఏమి తలపోయాలో అదే నిర్ణయిస్తుంది. ఎదురు తిరిగినవారు దాని కిరణం సోకగానే తమకు ఏ ఫిర్యాదూ లేదంటూ వెళ్ళిపోతారు. 1942లో వెలువడిన మూలకథలో ఈ యంత్రం రేడియో రూపంలో ఉన్నది. పదకొండేళ్ళలో ఇంట్లోని పెట్టె మారినది, భయం మారలేదు.

1982 నాటి 'హాలోవీన్ 3'లో ఒక ఆటవస్తువుల కర్మాగారాధిపతి పిల్లలకు ముసుగులు అమ్ముతాడు. పండుగ రాత్రి టెలివిజన్‌లో ఒక వ్యాపార ప్రకటన రాగానే ఆ ముసుగులు ధరించిన పిల్లల ప్రాణాలు పోయే ఏర్పాటు అది. 1988లో కెనడాలో ఎడ్ హంట్ తీసిన 'ది బ్రెయిన్'లో ఒక మనస్తత్త్వవేత్త టెలివిజన్ కార్యక్రమం నడుపుతాడు. ఆ తెర వెనుక ఉన్న పరలోకపు మెదడు ఒకటి ఊరివారినందరినీ వశపరచుకొంటుంది. ఆ కార్యక్రమానికి పెట్టిన పేరు 'స్వతంత్రంగా ఆలోచించేవారు' అని అర్థమిచ్చేది. అదే 1988లో జాన్ కార్పెంటర్ 'దే లివ్' వచ్చినది. దానికైన ఖర్చు సుమారు 30, 40 లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర. అందులో పనికోసం ఊరూరా తిరిగే కూలి ఒకడు ఒక నల్లకళ్ళజోడు పెట్టుకోగానే వీధిలోని ప్రకటనల వెనుక దాగిన ఆజ్ఞలు కనిపిస్తాయి: లోబడు, కొను, నిద్రించు. పాలకులు పరలోకవాసులు, వారి అసలు రూపాన్ని మరుగుపరచే తరంగం ఒక టెలివిజన్ కేంద్రం నుండి వెలువడుతూ ఉంటుంది.

ఈ చిత్రాలను తక్కువ చేయడం న్యాయం కాదు. పెద్ద పెట్టుబడితో తీసే చిత్రం ప్రకటనకర్తను నొప్పించడానికి జంకుతుంది. వీటికి ఆ జంకు తక్కువ. కూలివాని కంటితో లాస్ ఏంజిల్స్ నగరంలోని గుడిసెలపేటను, దానిని కూల్చివేయడానికి వచ్చిన పోలీసు యంత్రాలను చూపిన ధైర్యం 'దే లివ్'ది. తప్పు ధైర్యంలో లేదు, తర్కంలో ఉన్నది. తరంగం ఆగితే చాలు, జనం మేలుకొంటారని ఈ కథలు చెప్పుతాయి. అనగా దుర్మార్గమంతా పెట్టెలో ఉన్నది. మనిషిలో ఏదీ లేదు. నిద్రపోతున్న లక్షలాది మందిలో మేలుకొని ఉన్నవాడు ఒక్కడే, వాడు నాయకుడు. ప్రేక్షకుడు ఆ నాయకునితో తాదాత్మ్యం పొంది, తన పొరుగువాడే నిద్రితుడని నిర్ణయించుకొని ఇంటికి వెళ్తాడు. ఈ కథలు ఎంత జనపక్షపాతంతో మొదలైనా తుదకు జనాన్ని చులకన చేయడంలోనే ముగుస్తాయి.

ఈ వశీకరణ సిద్ధాంతానికి శాస్త్రాధారం ఉన్నదని చాలామంది విశ్వాసం. ఆ విశ్వాసానికి మూలపురుషుడు జేమ్స్ వికరీ. 1957లో అతడు న్యూయార్క్‌లో పత్రికలవారిని పిలిచి, ఒక సినిమాహాలులో 6 వారాలపాటు 45,699 మంది ప్రేక్షకులపై ప్రయోగం చేశానని ప్రకటించాడు. కంటికి ఆననంత స్వల్పకాలం తెరపై ఆజ్ఞలు మెరిపించగా కోకాకోలా అమ్మకం 18.1 శాతం, పాప్‌కార్న్ అమ్మకం 57.5 శాతం పెరిగినవని చెప్పాడు. లోకం అదిరిపడినది. 1962లో అదే వికరీ, తన వద్ద ఉన్న సమాచారం ఏ అర్థమూ చెప్పలేనంత స్వల్పమని ఒప్పుకొన్నాడు. ఆ ఒప్పుకోలును ఎవరూ వినలేదు. అబద్ధం దేశదేశాలూ తిరిగినది. నిజం గడప దాటలేదు. ఎందుకని? వశీకరణం వల్ల అందరికీ లాభమే గనుక. ప్రకటనకర్త తన శక్తిని హెచ్చుగా చెప్పి ధర పెంచుకొంటాడు. కొన్నవాడు తన ఆశను తక్కువగా చెప్పి నిందనుండి తప్పుకొంటాడు.

ఇక భారతదేశ చరిత్ర ఈ విషయమై ఏమి చెప్పుతున్నదో చూడవచ్చు. ఈ దేశంలో టెలివిజన్ ప్రసారం 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ఆరంభమైనది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందినవి. ఆ సంవత్సరం దేశం అత్యవసర పరిస్థితిలో ఉన్నది. పత్రికలపై నిర్బంధం, ఆకాశవాణి, టెలివిజన్ రెండూ ప్రభుత్వం చేతిలో. వశీకరణ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఇంతకంటె అనువైన కాలం దొరకదు.

ఫలితమేమైనది? 1977 ఫిబ్రవరి 6న ఢిల్లీలోని రామ్‌లీలా మైదానంలో జయప్రకాశ్ నారాయణ్, జగ్జీవన్ రామ్ ప్రసంగించవలసిన సభ జరుగనున్నది. జనాన్ని ఇంటిపట్టున ఉంచడానికై ఆ సాయంకాలం దూరదర్శన్‌లో 'బాబీ' చిత్రాన్ని ప్రసారం చేశారు. అది జనం వెర్రిగా మెచ్చిన చిత్రం. అయినా జనం మైదానానికి నడిచి వచ్చారు. మరుసటి నెల ఎన్నికలలో ఢిల్లీలోని 7 లోక్‌సభ స్థానాలూ పాలకపక్షం చేజారినవి. ఆంధ్రప్రదేశ్‌లో అదే పక్షానికి 42 స్థానాలలో 41 లభించినవి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వెలసినది ఆ ఎన్నికల తరువాత, 1977 అక్టోబరులో. తెర ఎక్కువ కాలం వెలిగిన చోట ప్రభుత్వం ఓడినది. తెర అరుదైన చోట గెలిచినది. టెలివిజన్‌కు ప్రభావమే లేదని దీనివలన తేలదు. వశీకరణమనేది లేదని మాత్రం తేలుతుంది. ఢిల్లీవాసులు కూల్చిన ఇండ్లను, బలవంతపు శస్త్రచికిత్సలను కళ్ళారా చూచారు. తెర వారికి వేరొక లోకాన్ని చూపినది. వారు రెంటినీ పోల్చుకొన్నారు. చదువురాని జనం బొమ్మకు లొంగిపోతారని బెంగపడినవారు ఆ పోల్చుకొనే శక్తిని లెక్కలోనికి తీసుకోలేదు.

దీనికి ఒక ఆక్షేపం ఉన్నది, అది బలమైనదే. 1994లో రువాండాలో ఒక రేడియో కేంద్రం తుత్సీ జాతివారిని బొద్దింకలని పిలుస్తూ, చంపవలసినవారి జాడలు చెప్పుతూ, హత్యాకాండను ఎగదోసినది. ప్రసారానికి శక్తి లేదనేవారు దీనికేమంటారు? శక్తి లేదని అనడం లేదు. ఆ శక్తి ఎటువంటిదనేదే ప్రశ్న. ఆ శ్రోతలు నిద్రావస్థలో కత్తులు పట్టలేదు. విన్నారు, గ్రహించారు, కొందరు చంపారు, కొందరు చంపక పొరుగువారిని దాచారు. అదే ప్రసారం, అదే భాష, అదే ఊరు. 2003లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ రేడియోను నడిపినవారిని శిక్షించినప్పుడు శిక్షించినది మనుష్యులనే గాని తరంగాన్ని కాదు. వశీకరణం నిజమైతే చంపినవాడు నిర్దోషి. దాచినవాని పుణ్యం కూడా కేవలం యాదృచ్ఛికం. ఈ రెండు నిర్ణయాలలో ఏదీ మనస్సాక్షి గలవారికి అంగీకారం కాజాలదు.

ఆ చౌక చిత్రాలలోనే ఈ సంగతి గ్రహించినవి లేకపోలేదు. 1983లో కెనడా దర్శకుడు డేవిడ్ క్రోనెన్‌బర్గ్ తీసిన 'వీడియోడ్రోమ్' అట్టిది. అందులో టొరాంటో నగరపు చిన్న టెలివిజన్ కేంద్రం అధిపతి ఒకడు హింసను చూపే రహస్య ప్రసారమొకటి కనుగొంటాడు. దానిలో దాగిన తరంగం మెదడులో కంతిని పుట్టించి భ్రాంతులను కలిగిస్తుంది. అయితే ఆ ప్రసారాన్ని అతనిపై ఎవరూ రుద్దలేదు. అతడే వెదుక్కొంటూ పోయినాడు. తరంగానికి ముందు ఆకలి ఉన్నది. అంతకంటె ముఖ్యమైన అంశం మరొకటి. ఆ తరంగాన్ని ప్రయోగించే సంస్థ బీదదేశాలకు చౌక కళ్ళద్దాలు, సైన్యాలకు క్షిపణి యంత్రాలు తయారుచేసేది. ఇట్టి నీచమైన వినోదాన్ని చూచేవారు నశించవలసినవారేనని, వారు పోతే దేశం శుద్ధి అవుతుందని దాని అధికారుల వాదం. ప్రేక్షకజనాన్ని ఏవగించుకోవడం ఇక్కడ నాయకుని గుణం కాదు, దుష్టుని గుణం. జనం మందమతులని, వారిని తెరనుండి కాపాడవలెనని వాదించే సంస్కర్త ఈ చిత్రాన్ని చూచినప్పుడు తన మాటలు ఎవరి నోట వెలువడుతున్నవో గమనించవలెను.

2007లో అమెరికాలో ముగ్గురు దర్శకులు కలిసి సుమారు 50,000 డాలర్లతో తీసిన 'ది సిగ్నల్' ఇంకొక అడుగు వేసినది. టెలివిజన్‌లోనూ టెలిఫోన్‌లోనూ వ్యాపించిన సంకేతం మనుష్యులను హంతకులను చేస్తుంది. కాని ఎవరికీ ఆజ్ఞ అందదు. ఈర్ష్య గల భర్త ఈర్ష్యతోనే చంపుతాడు. అతని తర్కం అతనికి సక్రమంగానే కనిపిస్తుంది. సంకేతం కొత్తగా ఇచ్చినదేమీ లేదు, ఉన్నదానికి గేటు తెరిచినది.

వశీకరణ కథను మరచి 'దే లివ్'ను ఆదరించినవారికి మరొక పాఠం ఉన్నది. పెట్టుబడిదారుల దురాశను ఎండగట్టడానికి తీసిన ఆ చిత్రాన్ని కాలక్రమాన యూదుద్వేషులు తమదిగా చెప్పుకొన్నారు. మారువేషంలో ఉన్న పాలకులు యూదులేనని ప్రచారం చేశారు. 2017లో కార్పెంటర్ స్వయంగా ముందుకు వచ్చి అది అబద్ధమని, అపనింద అని ఖండించవలసి వచ్చినది. దర్శకుని ఉద్దేశం నిర్మలమే. కాని పొరుగువాని ముఖం వెనుక వేరొక ముఖం ఉన్నదని, దానిని చూచే దృష్టి తనకు మాత్రమే కలదని నేర్పే కథ ఒకసారి బయలుదేరిన తరువాత ఎవరి చేతికి చిక్కుతుందో చెప్పలేము. నల్లకళ్ళజోడు ఎవరు పెట్టుకొంటే వారికి వారి శత్రువే కనిపిస్తాడు.

భారతీయ సాహిత్యానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. విరాటపర్వంలో అర్జునుడు సమ్మోహనాస్త్రం వేయగా కౌరవసేన మూర్ఛపోయినది. ఉత్తరుడు రథం దిగి, చెల్లెలి బొమ్మలకై వారి వస్త్రాలు తెచ్చుకొన్నాడు. అంతకుమించి ఆ అస్త్రం చేసినదేమీ లేదు. మూర్ఛ తేరిన దుర్యోధనుడు దుర్యోధనుడుగానే లేచాడు. సభాపర్వం ఇంకా కఠినమైనది. శకుని పాచికలలో కపటం ఉన్నదని అందరికీ తెలుసు. అయినా ద్రౌపది సభలో అడిగిన ప్రశ్న పాచికలను గురించి కాదు. పందెమొడ్డినవాడు ముందు తన్ను ఓడినాడా, తనను ఓడినాడా అని. మోసగాడున్నాడన్న కారణాన ఒడ్డినవాని బాధ్యత తీరిపోలేదు. శకునిని క్షమించకుండానే ధర్మజుని కూడా ప్రశ్నించగల ఆ దృష్టి ఈనాడు కావలసి ఉన్నది.

ఈనాడు తెర అరచేతిలోనికి వచ్చినది. వశీకరణ కథ కూడా దానితోపాటే వచ్చినది. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోయేవారు తిరుగుతున్నారన్న వదంతులు సెల్‌ఫోన్లలో వ్యాపించి దేశంలో పలుచోట్ల జనం అమాయకులను కొట్టి చంపారు. ఆ ఏడాది జూలైలో వాట్సాప్ సంస్థ, ఒక సందేశాన్ని భారతదేశంలో ఒకేసారి 5 సంభాషణలకు మించి పంపరాదని పరిమితి పెట్టినది. ఆ కట్టడి అవసరమే. లాభం కోసం వదంతికి బాట వేసిన సంస్థను నిలదీయడం కూడా అవసరమే. కాని అంతటితో విచారణ ముగిసినదనుకొంటే కర్ర ఎత్తిన చేయి ఎవరిదన్న ప్రశ్న మరుగున పడుతుంది. సందేశం కర్ర ఎత్తలేదు. అదే సందేశం చదివి, ఆగి, పరాయివానిని ఊరూ పేరూ అడిగినవారికి ఏ మంత్రమూ అడ్డురాలేదు.

టెలివిజన్ చెడ్డదా మంచిదా అన్న వాదం ఇంకెంతకాలమైనా సాగవచ్చు. దానిని నడిపేవారి లాభాలను, అబద్ధాలను పేరుపేరునా బయటపెట్టడం రచయితల విధి. అయితే ఆ విధి నిర్వహిస్తూ చూచేవానిని మైనపుముద్దగా వర్ణించడం ద్రోహం. మైనపుముద్దకు ఓటు ఎందుకని రేపు మరొకడు అడుగుతాడు. ఆ ప్రశ్నకు దారి వేసినవాడు ఈ కథ చెప్పినవాడే. మోసపోవడం వేరు, మనస్సు కోల్పోవడం వేరు. మోసపోయినవాడు తెలుసుకోగలడు, కోపగించగలడు, 1977లో వలె లేచి మైదానానికి నడువగలడు. మనస్సే లేదని తీర్మానించిన జనానికి మిగిలేది కాపలాదారు ఒక్కడే.