తూకానికి వేయాల్సిన సరుకా?

కర్నూల్లోనైనా కడపలోనైనా పాత సైకిల్ అమ్ముతానంటే వినిపించే మాట ఒక్కటే: "ఈ కాలంలో దాన్ని ఎవురు కొంటారబ్బా, పాత ఇనుమోడికి వేసెయ్." చదువుకున్నవాళ్లయితే దీనికి సాక్ష్యం కూడా పట్టుకొస్తారు. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, సాహిబాబాద్‌లో అట్లాస్ సైకిల్ ఫ్యాక్టరీ మూతపడలేదా అంటారు. పడింది. ముడిసరుకు కొనడానికి కంపెనీ చేతిలో డబ్బు లేక పడింది, కొనేవాళ్లు లేక కాదు. అదే ఏడాది లాక్‌డౌన్ సడలగానే దేశమంతా సైకిళ్లకు గిరాకీ పెరిగింది.

బేరం నిదానమన్నది నిజమే. నిదానం వేరు, చావు వేరు. ఇక్కడ కూలీ చేతిలో డబ్బు ఏడాది పొడుగునా ఆడదు. ఆదోని, కోసిగి వైపు జనం సుగ్గికని, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకు పోతారు. ఊళ్లు ఖాళీగా ఉన్న నెలల్లో సైకిల్ బయటపెట్టి, ఎవడూ అడగలేదని బాధపడితే ఎలా? సుగ్గి నుంచి తిరిగొచ్చాక చేతిలో నాలుగు రూపాయలుంటాయి. జూన్‌లో బడులు తెరుస్తారు. పిల్లోడికి సైకిల్ కావాలనే మాట అప్పుడే ఇంట్లో లేస్తుంది.

అసలు తప్పు అమ్మే తీరులో ఉంది. మన ఎండుగాలికి ఇనుము అంత తొందరగా తుప్పు పట్టదు. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి రిమ్ముల్ని తినేసినట్టు ఇక్కడి గాలి తినేయదు. పాతికేళ్ల కిందటి ఇరవై రెండంగుళాల ఫ్రేము ఈ రోజుకీ గట్టిగా ఉంటుంది. చచ్చేది రబ్బరు. వరండాలో ఒక ఎండాకాలం గడిస్తే చాలు, టైరు పక్కలు పగులుతాయి, బ్రేకు రబ్బర్లు రాయిలా బిగుస్తాయి. ట్యూబు సంగతి చెప్పనక్కర్లేదు: కంపచెట్ల ముళ్లకూ పల్లేరు కాయలకూ పడిన ప్యాచీలే ఎక్కువ, అసలు ట్యూబు తక్కువ. గాలి లేని టైర్ల మీద కూర్చున్న ఆ సైకిల్ను చూసి కొనేవాడు ముందుకు రాకపోతే, పాత సైకిళ్లకు విలువే లేదని తీర్పిచ్చేస్తాం. రెండు టైర్లు, రెండు ట్యూబులు, చక్రాల బెండు తీయించి ఇరుసుల్లో గ్రీజు: ఖర్చు వెయ్యికి అటూ ఇటూ. ఇంత చేసి రెండు వేలు అడిగితే తప్పు లేదు. ఇరవై కిలోల ఇనుముగా తూకానికేస్తే వచ్చేది ఐదారు వందలు.

కొత్తవాటి మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కు దిగింది, ఇక పాతదెందుకంటారు కొందరు. ఐదు వేల సైకిల్ మీద ఆ తేడా మూడొందల పైచిలుకు. రెండు వేలకూ ఐదు వేలకూ మధ్య దూరం కూలీకి తెలుసు, మనకు తెలియదు.

ఇంకో జాతి ఉంది. తాత తొక్కిన సైకిలని నాలుగు వేలు చెప్పి, ఫోన్లో ఫొటో పెట్టి కూర్చుంటారు. వీళ్లూ బేరాన్ని చంపేవాళ్లే. మనకు ముద్దైన తాతకు పక్కింటివాడు డబ్బులియ్యడు. పైగా రోజూ సైకిల్ తొక్కేవాడు ఆ ఫోన్లో వెతకడు, పంక్చర్ షాపులో అడుగుతాడు. ఎవరి సైకిల్ పోయిందో, ఎవరి పిల్ల హైస్కూలుకు మారిందో ఆ షాపాయనకు తెలుసు. ఆయనకు నూరో రెండొందలో ముట్టజెబితే ఆయనే అమ్మిపెడతాడు. 2017లో 'బడికొస్తా' పథకం కింద సర్కారు బడుల ఆడపిల్లలకిచ్చిన సైకిళ్లు ఇప్పుడు ఎన్ని ఇళ్లలో మూలన పడున్నాయో! చదువైపోయిన ఆ పిల్లల సైకిళ్లు తర్వాతి పిల్లలకు పనికిరావా?

కొనేవాడు జంకేది ఇంకొకందుకు: దొంగ సొమ్మేమోనని. సైకిల్‌కు బండికున్నట్టు ఆర్సీ ఉండదు కదా. పెడల్ ఇరుసు కిందో, సీటు గొట్టం మీదో ఫ్రేము నంబరు కొట్టి ఉంటుంది. మసి తుడిచి ఆ నంబరు చూసి, తేదీ, ధర, మీ సంతకంతో ఒక చీటీ రాసివ్వండి. మీ ఇంటి సైకిల్ పాత ఇనుము బండి ఎక్కేముందు, వచ్చే జూన్ మొదటి వారంలో ఒక్కసారి దాన్ని మీ వీధి పంక్చర్ షాపు ముందు నిలబెట్టి చూడండి.