కొసరి వడ్డించడమే మర్యాదా?

భద్రాచలం అడవులలో కోయలు శ్రమించి సేకరించే అడ్డాకులు విస్తళ్ళుగా మారి ఖమ్మం పెండ్లిపందిళ్ళకు చేరుతుంటాయి. భోజనానంతరం ఎన్నో విస్తళ్ళలో అన్నం, బూరెలు అలాగే మిగిలిపోవడం విచారకరం. వద్దన్నా వడ్డించడమే మర్యాద అన్న భావనే ఇందుకు మూలం.

వాగ్భటాచార్యుడు 'అష్టాంగ హృదయం'లో కడుపును నాలుగు భాగాలుగా ఎంచి, రెండు ఘనాహారానికి, ఒకటి ద్రవానికి కేటాయించి, నాలుగవది వాయు సంచారానికి విడువమన్నాడు. ఆ మితం దాటితే అజీర్ణం, ఆమం కలుగుతాయని ఆయుర్వేదం హెచ్చరిస్తోంది.

ఈ వృథా పందిళ్ళకే పరిమితం కాదు. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా కాగా, అందులో 60 శాతం ఇండ్లలోనిదేనని ఐక్యరాజ్యసమితి అంచనా.

కనుక తొలుత కొద్దిగా వడ్డించండి. అడిగిన పిదపే మారు వడ్డించండి. అతిథి ఆరోగ్యాన్ని కాపాడటమే నిజమైన ఆతిథ్యం.