ఒక్కరోజు పండగ కాదు!

కంపెనీ వార్షికోత్సవమంటే కేకూ కొత్త టీషర్టులే కాదు... హైదరాబాద్‌ ఐటీ సంస్థల్లో చాలాచోట్ల ఆరోజు రక్తదాన శిబిరమూ ఉంటుంది. మీటింగులు జరిగే హాల్లో బల్లలు పక్కకి జరిపి మంచాలు వేస్తారు. హిమోగ్లోబిన్‌ 12.5 గ్రాములు ఉందని తేలితే చేయి చాపడమే. పది నిమిషాల్లో 350 మిల్లీలీటర్ల సంచి నిండుతుంది. బిస్కెట్లు తిని, పండ్లరసం తాగి, కాసేపు కూర్చుని మళ్లీ కంప్యూటర్‌ ముందుకి!

ఆ రక్తం కోసం రోజులు లెక్కపెట్టుకునేవాళ్లు అదే నగరంలో ఉన్నారు. తలసీమియా మేజర్‌తో పుట్టిన పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. వాళ్ల శరీరం సరిపడా హిమోగ్లోబిన్‌ తయారుచేసుకోలేదు. ఆలస్యమైతే పాలిపోతారు, ఆయాసపడతారు, బడికి వెళ్లలేరు. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులూ వైద్యులూ కలిసి 1998లో హైదరాబాద్‌లో తలసీమియా అండ్‌ సికిల్‌ సెల్‌ సొసైటీని ప్రారంభించారు. శివరాంపల్లిలోని ఆ కేంద్రానికి పిల్లల్ని తీసుకొచ్చే అమ్మానాన్నలకి కావాల్సింది దాత పేరు కాదు, వచ్చిన రోజున సంచి సిద్ధంగా ఉండటం.

చిక్కంతా అక్కడే ఉంది. ఎర్రకణాలను ఎంత జాగ్రత్తగా దాచినా 35 నుంచి 42 రోజులే నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులే. ఒక్కరోజులో అయిదొందల మంది రక్తమిస్తే ఫొటో బాగుంటుంది, పేపర్లో వార్తా వస్తుంది. కానీ ఆ అయిదొందల మందిలో మగవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే మూడు నెలలు, ఆడవాళ్లయితే నాలుగు నెలలు ఆగాలి. ఆలోపు పిల్లలకి మూడు నాలుగుసార్లయినా రక్తం అవసరమవుతుంది. ఎండాకాలంలో కాలేజీలకి సెలవులిచ్చేస్తారు కాబట్టి విద్యార్థి దాతలూ దొరకరు.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఇది ఇంకా బాగా తెలిసొచ్చింది. ఆఫీసులు ఖాళీ అయ్యాయి, ఉద్యోగులు సొంతూళ్లకి వెళ్లిపోయారు, శిబిరాలు ఆగిపోయాయి. పిల్లల అవసరం మాత్రం ఆగలేదు. అప్పుడు సైబరాబాద్‌ పోలీసులు, సొసైటీ ఫర్‌ సైబరాబాద్‌ సెక్యూరిటీ కౌన్సిల్‌తో కలిసి శిబిరాలు పెట్టించారు.

అందుకే వార్షికోత్సవం నాడు ఒక్కసారే కాకుండా ఉద్యోగుల్ని జట్లుగా విడదీసి నెలకో జట్టు చొప్పున పంపే కంపెనీ ఉంటే బ్లడ్‌బ్యాంకుకి అంతకన్నా ఏం కావాలి! యాభై మందే అయినా సరే, ఆ సంచులు వృథా కావు. మేలో ఎవరు, జూన్‌లో ఎవరు అని ముందే రాసిపెట్టుకోవడం హెచ్‌ఆర్‌ విభాగానికి పెద్ద పనేం కాదు, పుట్టినరోజుల జాబితా ఎటూ వాళ్ల దగ్గర ఉంటుందిగా! కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే పనిదినాన రక్తమిస్తే ఏడాదికి నాలుగుసార్ల దాకా ప్రత్యేక సెలవు ఇస్తామని 2017 డిసెంబరులో ఉత్తర్వులొచ్చాయి. ప్రైవేటు సంస్థలు సెలవు ఇవ్వకపోయినా ఓ గంట వెసులుబాటు ఇస్తే చాలు.

మరో మాట. పరగడుపున రావద్దు. రాత్రంతా డ్యూటీ చేసి, కునుకైనా తీయకుండా నేరుగా శిబిరానికి వస్తే వెనక్కి పంపిస్తారు. ఇంటికెళ్లి కంటినిండా నిద్రపోయి, టిఫిన్‌ తిని రావచ్చు.