ముందు వచ్చిన చెవులు

ముందు వచ్చిన చెవులకంటె వెనుక వచ్చిన కొమ్ములు వాడి అని మన పెద్దలు అంటూ వచ్చారు. కచేరీకి కొత్తగా వచ్చిన అధికారి పాత గుమాస్తాను లెక్కచేయనప్పుడు, కొడుకు సంపాదన మొదలైన నాటి నుండి తండ్రి మాట చెల్లనప్పుడు ఈ సామెత మన నోట వస్తుంది. అది లోకరీతిని చెప్పిన మాటయే గాని, లోకం అట్లే ఉండవలెనని చెప్పిన మాట కాదు. ఈ భేదం మాకు పుస్తకాలలో కంటె మా ఇంటి ముంగిట, రెండు కుక్కల మధ్య బాగుగా బోధపడినది. కళాశాల సంచికలో కుక్కల ప్రసక్తి ఏమిటని విద్యార్థి మిత్రులు నవ్వవచ్చును. చివరి వరకు చదివిన పిమ్మట నవ్వినా మాకు అభ్యంతరం లేదు.

నంద్యాల ప్రాంతంలోని మా స్వగ్రామంలో మాకు కొద్దిపాటి బంగినపల్లి మామిడితోట ఉన్నది. తోటను ఆనుకొనియే ఇల్లు. తోట కాపలాకు మా తండ్రిగారు తెచ్చిన కుక్క పేరు మోతీ. పన్నెండేళ్ళు అది తోటను కాచినది. రెండేళ్ళ క్రిందట దాని కన్నులలో తెల్లదనం కనిపించినది. వయసు మళ్ళిన కుక్కల కంటిలోని కటకం గట్టిపడి లేత నీలిరంగుగా కనిపించడం సహజమనీ, దాని వలన చూపు పూర్తిగా పోదనీ, తెల్లగా ముద్దకట్టినది మాత్రం శుక్లమనీ పశువైద్యులు చెప్పినారు. మోతీకి వచ్చినది ఈ రెండవది. ఉర్దూలో శుక్లాన్ని మోతియాబింద్ అంటారు. పేరు పెట్టిన నాడు ఈ సంగతి ఎవరికి తోచుతుంది? మధుమేహం వలన, నీటికాసుల వలన, పిడుదులు కుట్టగా వచ్చే జ్వరం వలన కూడ కుక్కలకు చూపు పోవచ్చును. వీటిలో కొన్నింటిని ముందుగా గుర్తిస్తే వైద్యం ఉన్నది. మేము ఆలస్యం చేసినాము.

ఆలస్యానికి కారణం కూడ చెప్పవలె. మోతీకి చూపు పోయినదని మాకు చాలకాలం తెలియలేదు. అది ఎప్పటివలెనే నీటి తొట్టి వద్దకు వెళ్ళేది, మెట్లు దిగేది, గేటు దగ్గర మా అడుగుల చప్పుడు విని తోక ఊపేది. ఒకనాడు ముంగిట ఉండే నులకమంచాన్ని పక్కకు జరిపినాము. మోతీ నేరుగా వచ్చి దానికి తల కొట్టుకొన్నది. అప్పుడు గాని మాకు తెలిసిరాలేదు. మనిషి ముక్కులో వాసనను పట్టే కణాలు సుమారు 50, 60 లక్షలు ఉంటే, కుక్క ముక్కులో అవి జాతిని బట్టి 10 కోట్ల నుండి 30 కోట్ల వరకు ఉంటాయని శాస్త్రజ్ఞుల అంచనా. మన చెవి సెకనుకు 20,000 కంపనాలకు మించిన ధ్వనిని వినలేదు. కుక్క చెవికి 40,000 దాటినది కూడ వినిపిస్తుంది. ఈ రెంటితోను, అలవాటైన దారితోను అది కన్ను లేని లోటును పూడ్చుకొన్నది. ఇంటిలో వస్తువు కదలనంత వరకు ఆ ఇల్లే దానికి కన్ను.

గడచిన వేసవిలో కాయ కోతకు వచ్చినది. కాపలాకు మరొక కుక్క అవసరమైనది. ఏడాది వయసున్న షేరూను తెచ్చినాము. వచ్చిన సాయంకాలమే అది గంతులు వేస్తూ మోతీ మీదికి పరుగెత్తినది. మోతీ ఉలికిపడి, దొరికిన చెవిని పట్టుకొన్నది. నెత్తురు వచ్చినది. మరునాడు మళ్ళీ అదే జరిగినది. మేము చేసినది ఏమనగా, మోతీని కోప్పడి పెరటి వెనుక కట్టివేసినాము. తనకు తెలియని చోట కట్టబడిన ఆ ముసలి కుక్క మూడు రోజులు అన్నం ముట్టలేదు.

పొరుగు పెద్దమనిషి ఒకరు వచ్చి, “మాస్టారూ, గుడ్డిదానితో మీకెందుకు ఈ బాధ? సంతనాడు ఏ లారీలోనైనా ఎక్కించి నాలుగు ఊళ్ళ అవతల దింపించండి. ఏదో తిని బ్రతుకుతుంది” అన్నారు. ఇంటిలో చిన్నపిల్లలు తిరుగుతున్నారు. నిజము చెప్పవలెనంటే ఆ సలహా మాకు రుచించినది. లారీ డ్రైవరుతో మాట్లాడి కూడ వచ్చినాము. మా తండ్రిగారికి చివరి మూడేళ్ళు చూపు లేదు. సంగతి విన్న మా తల్లిగారు తల ఎత్తకుండానే, “మీ నాన్నకు కళ్ళు కనిపించనప్పుడు ఆయన్ని ఏ సంతలో దించి వచ్చావు నాయనా?” అన్నారు. ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. తెల్లవారి డ్రైవరుకు వద్దని చెప్పి వచ్చినాము.

అటు పిమ్మట అసలు జరుగుతున్నదేమిటో ఓపికగా గమనించినాము. కుక్కలు మాట్లాడుకొనేది అధికంగా శరీరంతో. ముందుకాళ్ళు నేలకు వంచి వీపు పైకెత్తితే ఆడుకొందామని అర్థం. ముఖం పక్కకు తిప్పుకొంటే గొడవ వద్దని అర్థం. రెప్పవేయకుండ సూటిగా చూస్తే సవాలు. షేరూ ఆటకు పిలుస్తున్నది, మోతీకి అది కనబడదు. మోతీ ముఖం తిప్పక నిలబడి ఉన్నది, షేరూ దానిని సవాలు అనుకొంటున్నది. ఒకటి అడిగినది మరొకదానికి చేరడం లేదు. ఇది ద్వేషం వలన వచ్చిన పోరు కాదు, భాష తెగిపోవడం వలన వచ్చిన పోరు. అట్టి పోరులో శిక్షించవలసినవారు ఎవరూ లేరు. నేర్పవలసినవారు మాత్రం ఉన్నారు. ఎవరికి నేర్పవలె? కన్ను లేనిదానికి చూడమని నేర్పలేము గదా! కనబడేదానికే తొలగి నడవడం నేర్పవలె. మేము చెప్పదలచిన మాట ఇంతే.

ఆ విధంగా మేము చేసిన పనులు మరొకరికి ఉపకరించునని క్రమంగా చెబుతున్నాము. ముందు రెంటినీ పశువైద్యశాలకు తీసుకొనిపోయి పరీక్ష చేయించి, రేబిస్ టీకా వేయించినాము. తరువాత షేరూను తోట అవతలి కొసకు మార్చి, మోతీని తన పాత చోటికి తెచ్చినాము. వారం రోజులు అవి కలిసికొనలేదు. షేరూ పడుకొన్న గోనెపట్టాను మోతీ అన్నం గిన్నె దగ్గర, మోతీ పట్టాను షేరూ గిన్నె దగ్గర వేసినాము. ముఖపరిచయానికి ముందు వాసన పరిచయం కావలె. కొత్త వాసన వచ్చినప్పుడల్లా కడుపు నిండుతున్నదని అవి నేర్చుకొన్నవి.

తొలిసారి కలిపినది ఇంటిలో కాదు. ఇంటిలో పాతదానికి తన హద్దు పోతున్నదనే భయం ఉంటుంది. కె.సి. కాలువ గట్టు మీద ఉదయం పూట ఇద్దరము చెరొక తాడు పట్టుకొని, ఎదురెదురుగా గాక ఒకే దిక్కుగా, ఇరవై అడుగుల ఎడంతో నడిపించినాము. రోజురోజుకు ఎడం తగ్గించినాము. పక్కపక్కన నడిచినవారికి కలహించడానికి తీరిక తక్కువ. షేరూ మెడలో మేకపిల్లకు కట్టే చిన్న మువ్వ కట్టినాము. ఆ చప్పుడుకు మోతీ బెదరడం లేదని చూచుకొన్న పిమ్మటనే దానిని ఉంచినాము. మువ్వ వినిపిస్తే కొత్తది ఎక్కడ ఉన్నదో, ఎంత దూరంలో ఉన్నదో మోతీకి తెలుస్తుంది. ఉలికిపాటు పోతే కాటు సగం పోయినట్లే.

ఇంటిలో నీటి తొట్టి, మంచం, అన్నం గిన్నె ఉన్నచోటనే ఉంచినాము. మెట్ల ముందు గోనెపట్టా పరచినాము. కాలికి అది తగిలితే మెట్టు వచ్చినదని మోతీకి గుర్తు. అది పడుకొనే మూలకు వెదురు తడిక కట్టి, షేరూకు అక్కడ ప్రవేశం లేకుండ చేసినాము. అన్నం వేళ నడుమ తడిక పెట్టి వేరువేరుగా వడ్డించినాము. మోతీ గుర్రుమంటే కోప్పడడం మానినాము. గుర్రుమనడం అపరాధం కాదు, హెచ్చరిక. హెచ్చరించినందుకు దెబ్బలు తిన్న కుక్క హెచ్చరించడం మాని నేరుగా కరుస్తుంది. అప్పుడు నష్టం మనదే. షేరూకు “ఆగు” అనే మాట నేర్పి, మోతీని చూచి అది పక్కకు తొలగినప్పుడల్లా ఒక ముక్క పెట్టి మెచ్చుకొన్నాము. పిల్లలకు కూడ ఒక నియమం పెట్టినాము: పడుకొన్న మోతీని తాకకూడదు. పేరు పెట్టి పిలిచి, అది తల ఎత్తిన పిమ్మటనే దగ్గరకు పోవలె. పెద్దవారు లేనప్పుడు పిల్లలను గాని, ఆ రెండు కుక్కలను గాని కలిపి వదలలేదు.

అంతా సాఫీగా సాగలేదు. రెండవ వారంలో ఒక ఎముక కోసం మళ్ళీ కలబడినవి. చేతులు అడ్డుపెట్టక, తడిక నడుమ వేసి విడదీసినాము. మళ్ళీ గట్టు మీద నడక నుండి మొదలుపెట్టినాము. సెలవులు ముగిసేనాటికి షేరూ మోతీని చుట్టి నడవడం అలవరచుకొన్నది. అవి ప్రాణమిత్రులైనవని చెప్పము. ఒకటి వేపచెట్టు క్రింద, మరొకటి తడిక మూల పడుకొంటాయి. రాత్రి అలికిడి అయితే ముందుగా మొరిగేది ఇప్పటికీ మోతీయే. పరుగెత్తేది షేరూ. చెవులు ఒకరివి, కాళ్ళు మరొకరివి. ఆ ఏడు తోటలో కాయ పోలేదు.

“మనుష్యులకే దిక్కులేని దేశంలో కుక్కకు ఇంత సేవయా?” అని అడిగేవారు ఉన్నారు. మాకు ఖర్చైనది ఒక తడిక, ఒక మువ్వ, నెలన్నర ఓపిక. ఇందులో ఏ మనిషి నోటి కూడును లాగలేదు. మరి మతం మాట? కుక్కను ఇంటి లోపల పెంచడాన్ని మన పెద్దలు ఒప్పరు. మేమూ లోపలికి రానీయము. కాని పంటకు, మందకు కాపలాగా ఉంచుకొనడానికి అనుమతి ఉన్నది. పవిత్ర ఖుర్ఆన్‌లోని కహఫ్ సూరాలో గుహావాసుల వెంట వారి కుక్క గడప వద్ద కాళ్ళు చాచి ఉన్నది. దాహంతో అల్లాడుతున్న కుక్కకు బావిలోకి దిగి తన పాదరక్షతో నీరు తెచ్చి త్రాగించిన వానిని అల్లాహ్ క్షమించినాడని బుఖారీ హదీసులలో ఉన్నది.

మా తెలుగు తరగతిలో చదివే విద్యార్థులకు ఆంధ్ర మహాభారతంలోని ఆదిపర్వం తెలియనిది కాదు. అందులో జనమేజయుని తమ్ములు ఏ తప్పూ చేయని సారమేయుని కొట్టినారు. దాని తల్లి సరమ వచ్చి రాజును నిలదీసినది. అంతటి గ్రంథారంభంలో నన్నయగారు ఒక కుక్క ఫిర్యాదుకు చోటిచ్చినారు. అదే భారతం చివర మహాప్రస్థానంలో ధర్మరాజు తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు.

ధర్మం మాట అట్లుండగా చట్టం మాట కూడ ఉన్నది. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 51-ఎ అధికరణం, జీవుల యెడ కరుణ చూపడాన్ని ప్రతి పౌరుని ప్రాథమిక విధిగా పేర్కొన్నది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షను ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును సరైన కారణం లేకుండ విడిచిపెట్టడం నేరం. గుడ్డి కుక్కను సంతలో దింపి వచ్చినవాడు దానికి ఆకలిదప్పులే గాక, నిజమైన చీకటిని కూడ ఆనాడే ఇస్తాడు. దాని కన్ను మన ఇంటిలోనే ఉండిపోతుంది గదా!

కళాశాల యాజమాన్య సంఘం వారికి మా మనవి ఒక్కటే. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం. ఆనాడు మన జాతీయ సేవా పథకం విద్యార్థులు ప్రభుత్వ పశువైద్యుల సహాయంతో చుట్టుపట్ల పేటలలోని పెంపుడు కుక్కలకు టీకాల శిబిరం నడిపితే, మూగజీవులకు మేలు, మన పిల్లలకు రక్షణ.

విద్యార్థి మిత్రులకు మరొక మాట. ముందు వచ్చినవాడు గొప్పా, వెనుక వచ్చినవాడు గొప్పా అన్నది మా ప్రశ్న కాదు. ఏటా మన వసతిగృహానికి కొత్త పిల్లలు వస్తారు. అక్కడ దారి తెలియనివాడు వెనుక వచ్చినవాడే. ఇంటికి పోతే దారి తెలియనిది ముసలితల్లికి కావచ్చును. ఎక్కడనైనా నియమం ఒకటే. ఇద్దరు ఒకే దారిలో ఎదురైనప్పుడు కనబడేవాడే తొలగవలె. కొమ్ములు వాడిగా ఉండవచ్చును. వాటికి ఒక చిన్న మువ్వ కట్టుకొంటే చాలును.