పుస్తకం మాది, చేతిపని వాడిది

సంక్రాంతి వెళ్లిన వారానికి మా దగ్గర ఏడేళ్లు పనిచేసిన అబ్బాయి మానేశాడు. రెండు నెలలు తిరక్కుండానే మేము చూసే ఒక అపార్టుమెంటు వాళ్లు "వచ్చే నెల నుంచి అతనే చూస్తాడండీ, మీకన్నా అయిదొందలు తక్కువకి ఒప్పుకున్నాడు" అని ఫోన్ చేశారు. ఆ తర్వాత ఇంకో మూడు ఇళ్లు పోయాయి. ఆ రోజు మా వారు అన్నం సరిగ్గా తినలేదు.

మాది గార్డెన్ల పని. కానూరు, పోరంకి, పెనమలూరు వైపు ఇళ్లకి తోటలు వేస్తాం, లాన్లు పరుస్తాం, నెలవారీగా చూసుకుంటాం. మొక్కలు కడియం నుంచి లారీలో వస్తాయి. బయటి పని ఆయనది, లెక్కల పుస్తకం నాది.

మర్నాడు ఆయన నెట్‌లో దొరికిన ఒక అగ్రిమెంటు ప్రింటు తీసుకొచ్చారు. నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. అందరిచేతా సంతకాలు పెట్టిద్దామన్నారు. కూర్చుని చదివాను. పని మానేశాక అయిదేళ్లపాటు ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో గార్డెన్ పని చెయ్యకూడదట. చేస్తే పది లక్షలు కట్టాలట. మా దగ్గర పనిచేసేవాళ్లలో సగం మందికి ఈ పని తప్ప ఇంకోటి రాదు. వాళ్లు అయిదేళ్లు ఏం తిని బతకాలి?

మా వారి బాధ అబద్ధం కాదు. కత్తెర పట్టుకోవడం దగ్గర్నుంచి ఆయనే నేర్పారు. ఆ నాలుగు చోట్ల పోయిన డబ్బు మా అమ్మాయి కాలేజీ ఫీజులో కనపడింది. అయినా ఆ కాగితం మీద నాకు మనసొప్పలేదు. మా పిన్ని కూతురు వకీలు. దానికి ఫోన్ చేశాను.

అది చెప్పింది విన్నాక సగం భయం, సగం భ్రమ పోయాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 27వ సెక్షను ప్రకారం, ఒక మనిషి న్యాయమైన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదట. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇంకొకరికి పనిచెయ్యకూడదని కట్టడి పెట్టుకోవచ్చట, 1967లో సుప్రీంకోర్టు అలాంటిదాన్ని ఒప్పుకుంది. మానేశాక కడుపు కొట్టే షరతు మాత్రం నిలవదు. పది లక్షలని రాసినంత మాత్రాన పది లక్షలు రావు. 74వ సెక్షను కింద కోర్టు సబబనుకున్నంతే ఇప్పిస్తుంది, రాసుకున్న అంకె దానికి పైహద్దు మాత్రమే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల సంతకానికి అసలు విలువే లేదు.

మరి రహస్యాలకి రక్షణ లేదా అంటే, ఉంది. వ్యాపార రహస్యాల కోసమని మనకి విడిగా చట్టం లేదు. అలాంటిది తేవాలని లా కమిషన్ 2024 మార్చిలో తన 289వ నివేదికలో సూచించింది. ఈలోపు ఒప్పందాల మీద, నమ్మకద్రోహం కూడదన్న న్యాయసూత్రం మీద కోర్టులు చూస్తున్నాయి. "కానీ అక్కా, రహస్యమని నువ్వు చెప్పుకుంటే చాలదు. అది నిజంగా బయటివాళ్లకి తెలియనిదై ఉండాలి, నువ్వు దాన్ని దాచుకుని ఉండాలి. మీ పుస్తకం ఎక్కడుంటుంది?" అని అడిగింది.

ఫ్రిజ్ మీద ఉంటుంది. వచ్చినవాళ్లందరికీ కనపడుతూ ఉంటుంది. ఇంకో సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. కిందటి ఏడాది ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పలేక, ఏ ఇంటికి ఎంత, ఎప్పుడు అన్న పేజీని ఫోటో తీసి పనివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. ఆ అబ్బాయి దొంగతనం చెయ్యలేదు. నేనే చేతిలో పెట్టాను.

ఆ రాత్రి ఆ పుస్తకం ముందేసుకుని, ఇందులో నిజంగా మాదేదని చూశాను. ఇళ్లవాళ్ల వివరాలు, వాళ్లకిచ్చిన రేట్లు మావి. కడియంలో ఏ నర్సరీ ఏ మొక్క ఎంతకిస్తుందో, ఎన్నాళ్లు అప్పిస్తుందో అది మాది. మూడోది నాకు ప్రాణం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు నీళ్లు రోజుల తరబడి నిలిచాయి కదా, అటు మాకున్న అయిదు తోటల్లో ఏ మొక్క బతికిందో, ఏది కుళ్లిందో, ఎన్నాళ్లకి చిగురేసిందో బురదలో తిరిగి రాసుకున్న పేజీలు. బందరు వైపు ఉప్పు బోరు నీళ్లకి ఏవి తట్టుకున్నాయో కూడా అందులోనే ఉంది. అవి ఏ నర్సరీవాళ్లూ చెప్పేవి కావు.

నల్లరేగడిలో నీళ్లు నిలవకుండా ఇసుక, కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు కలపడం మాత్రం మాది కాదు. అది ఈ డెల్టాలో తోటపని తెలిసిన ఎవరైనా చేసేదే. లాన్ పరచడం, కొమ్మ కత్తిరించడం ఆ అబ్బాయి చేతుల్లో ఉన్నాయి. వాడు మానేసి వెళ్లేటప్పుడు చేతులు మా గుమ్మం దగ్గర వదిలి వెళ్లలేడు కదా!

అందుకే ఆ నాలుగు పేజీలు పక్కన పడేసి, చెల్లి సాయంతో తెలుగులో ఒకే పేజీ రాశాం. ఆ మూడూ పేర్లు పెట్టి రాశాం. మానేశాక రెండేళ్లు వాటిని ఎవరికీ చెప్పకూడదు, కాపీలు తిరిగి ఇచ్చెయ్యాలి. గార్డెన్ పని ఎక్కడైనా చేసుకోవచ్చని కూడా అందులోనే రాశాం. ఇంకో మాట కలిపాం. ఏ ఇంటివాళ్లు ఊళ్లో లేరో, గేటు తాళం ఎక్కడ పెడతారో మా వాళ్లకి తెలుస్తుంది. అది మా రహస్యం కాదు, వాళ్లది. దాన్ని కాపాడటానికి గడువు లేదు.

సంతకాలకి ముందు గట్టిగా చదివి వినిపించాను. కలుపు తీసే ఆవిడ "అమ్మగారూ, మా అక్క కూడా ఈ పనే చేస్తది, ఆవిడతో మాట్లాడకూడదా?" అని అడిగింది. ఇంగ్లీషు కాగితమైతే ఆ ప్రశ్న నోట్లోనే ఉండిపోయేది, సంతకం మాత్రం పడేది. మాట్లాడుకోవచ్చని చెప్పి, తలా ఒక కాపీ ఇచ్చాం. పుస్తకం ఇప్పుడు బీరువాలో ఉంది. గ్రూపులో ఆ రోజు వెళ్లాల్సిన ఇల్లు తప్ప ఇంకేమీ పెట్టను.

మొన్న పటమట రైతుబజారులో ఆ అబ్బాయి కనపడ్డాడు. తప్పుకుని పోతాడనుకున్నాను, ఎదురొచ్చి సంచి అందుకున్నాడు. కోపం దాచుకోలేక అడిగేశాను. "మూడుసార్లు జీతం పెంచమని అడిగానమ్మగారూ, వచ్చే నెల చూద్దాం అన్నారు" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. ఆ జీతాల పేజీ కూడా నా పుస్తకంలోదే. ఇంటికొచ్చి మిగతావాళ్లకి ఎన్నాళ్లుగా పెంచలేదో లెక్క చూశాను. ఈ నెల నుంచి పెంచాం.

మా వారు ఇప్పటికీ "నువ్వు మరీ మెత్తన" అంటారు. అననివ్వండి. పచ్చళ్లు పట్టేవాళ్లు, బ్లౌజులు కుట్టేవాళ్లు, పార్లరు నడిపేవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. నేర్పిన పిల్ల రేపు పక్క వీధిలో బోర్డు పెడుతుందన్న భయం మీకూ ఉంటుంది. కాగితం రాయించుకోండి, తప్పులేదు. రాసేముందు మాత్రం మీది ఏదో, ఆ పిల్ల కష్టపడి నేర్చుకున్నది ఏదో విడదీయండి. మీదాన్ని తాళం వేసి దాచుకోండి. ఆ పిల్ల జీతం చివరిసారి ఎప్పుడు పెంచారో కూడా ఒకసారి చూసుకోండి.